పడుగు దిగేదాకా ఆగిన కర్నెల్

నా భార్య పోయిన వార్త పేపర్లో జిల్లా పేజీ కింద మూలన వచ్చింది. ‘రిటైర్డ్ అధ్యాపకుడికి సతీ వియోగం’ అని శీర్షిక. కింద నా పేరు, నేను పని చేసిన కాలేజీ, నేను చెప్పిన సబ్జెక్టు, ఇంటికి వచ్చి పరామర్శించిన వాళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆమె పేరు లేదు. ఆమె ఏం చేసేదో లేదు. పైపైన చదివినవాళ్లు పోయింది నేనే అనుకున్నా తప్పు పట్టలేం.

ఆ వార్తను సరిదిద్దడానికి ఇది రాస్తున్నాను. నేనూ ఇక్కడ ఆమె పేరు రాయడం లేదు. నాకు కావలసింది పేరు కాదు. ఆమె చేసిన పని ఆమెదేనని నలుగురూ ఒప్పుకోవడం.

ఆమె గద్వాలలో నేత ఇంట్లో పుట్టింది. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, వనపర్తిలో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో రిటైరయ్యేదాకా పని చేసింది. నేను నాగర్‌కర్నూల్‌లో చరిత్ర పాఠాలు చెప్పి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరేవాడిని. అలసిపోయానని నేనంటే నవ్వేది. “మీ రాజులు ఎప్పుడో చచ్చిండ్రు. మీకేం పరేషాన్ లేదు. నా దగ్గరివన్నీ ఇంకా నడుస్తున్నయి” అనేది.

నడుస్తున్నవాటిలో ముఖ్యమైనవి గద్వాలలో ఆరు మగ్గాల మీది ఆరు డబ్బాలు. కొన్నేళ్ల కింద అక్కడి నేత సొసైటీ ఆరు మగ్గాలకు అట్టల జకార్డు తీసేసి కరెంటు జకార్డు పెట్టించింది. పాత పద్ధతిలో అంచు మీద పువ్వు రావాలంటే చిల్లులు పెట్టిన అట్టల దండ ఒకటి పైన తిరుగుతుండాలి. కొత్త పద్ధతిలో ఒక డబ్బా ఉంటుంది. డబ్బాలో అరచేయంత బోర్డు, గోరంత మెమరీ కార్డు. ఏ వరుసకు పోగులను లేపే ఏ హుక్కు లేవాలో అది చెబుతుంది. ఆ బోర్డు చిన్న కంప్యూటరే. లోపల నడిచేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. అమ్మిన కంపెనీ రెండేళ్లు ఫోను ఎత్తింది. తర్వాత ఎత్తలేదు.

అప్పటి నుంచి ఆమె ఆదివారాలు గద్వాలవే. పొద్దున బస్సు, చేతిలో గుడ్డ సంచీ. సంచీలో అక్షరాలు అరిగిపోయిన చిన్న కీబోర్డు, చారల నోటుబుక్కు, మెమరీ కార్డుల డబ్బీలు. ఏ డబ్బీ ఏ మగ్గానిదో గుర్తుకు, అప్పుడు ఆ మగ్గం మీద నేస్తున్న చీర పోగు ఒకటి దానికి కట్టేది. వాళ్ల నాన్న గ్రాఫు కాగితం మీద వేసిన పాత డిజైన్లన్నీ గడి గడీ చూసి కంప్యూటర్లోకి ఎక్కించి, ఆ ఆరు డబ్బాల్లో పెట్టింది కూడా ఆమే. దానికి రెండు ఎండాకాలాలు పట్టింది.

నేను దాన్ని టైంపాస్ అన్నాను. ఒకసారి కాదు. ఇంట్లో చుట్టాలున్నప్పుడు కూడా అన్నాను. ఈ వ్యాసంలో నేను చాలామంది మీద కోపం చూపించబోతున్నాను. ఆ వరుసలో మొదట నిలబడాల్సింది నేనే.

రెండేళ్ల కింద సొసైటీ కొత్త కంప్యూటర్ తెచ్చింది. డిజైన్లు దాంట్లోంచి డబ్బాలకు పంపాలి. కొత్త కంప్యూటర్ పాత డబ్బాలతో మాట్లాడనంది. డబ్బాలోని లినక్స్ కాలం చెల్లిన వెర్షన్‌ది. దాని తాళం పద్ధతులను ఇప్పటి కంప్యూటర్లు నమ్మవు. అప్పుడు కంపెనీ ఫోను ఎత్తింది. బోర్డు పాతబడింది, ఆరూ తీసేసి కొత్తవి పెట్టాలంది.

ఆ మాట విన్న రోజు ఆమె అన్నం సరిగా తినలేదు. “బోర్డుకేమైంది? శుభ్రంగ ఉన్నది. దాని మీద నడిచేది పాతదైంది, గంతే. మనిషి అంగీ చినిగితే మనిషిని పారేస్తరా?” అంది. మరుసటి ఆదివారం పని మొదలుపెట్టింది.

ఆమె పని తీరు ల్యాబులో నేర్చిందని చాలా ఏళ్లు అనుకున్నాను. కాదు, మగ్గం దగ్గర నేర్చింది. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే నేతగాళ్లు చివరి పోగులు కోసి పారేయరు. కొంత మిగిల్చి ఉంచుతారు. కొత్త పడుగు తెచ్చి, ప్రతి కొత్త పోగునూ పాత పోగు కొసకు వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటారు. వేల పోగులు, రోజంతా పని. తర్వాత పాతదాన్ని మెల్లగా లాగితే కొత్తది దాని వెంట దువ్వెన లాంటి అచ్చులోంచి దారి తప్పకుండా వస్తుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చుని ఆమె ఆ పని చేసింది. కార్డు తుడిచేసి కొత్త లినక్స్ ఒక్కసారే వేసేస్తే అయిపోతుంది కదా అని నేనొకసారి అడిగాను. తలెత్తకుండానే చెప్పింది. “కోసేసినంక అతకనీకి ఏముంటది?”

అందుకే ఒక్కో వెర్షనూ దాటుకుంటూ వెళ్లేది. ముందు కార్డుకు నకలు. తర్వాత ఒక మెట్టు. మళ్లీ స్టార్ట్ చేసి, ఒక మూర నేయించి, హుక్కులన్నీ లేస్తున్నాయో లేదో చూసి, అప్పుడు రెండో మెట్టు. అన్నిటికన్నా చివర కర్నెల్. కర్నెల్ అంటే ఏందని మరదలు, అంటే ఆమె తమ్ముని భార్య, అడిగితే మగ్గం కింది గుంటలోకి చూపించింది. “పైన నువ్వు ఏ పువ్వన్న వెయ్యి. కింద కాలు పలకలు ఒకటే గద. గది కర్నెల్.” హుక్కులను లేపే చిన్న ప్రోగ్రామ్ ఆ కర్నెల్‌కే అంటి ఉంటుంది. కర్నెల్ మారితే దాన్నీ మళ్లీ తయారు చేయాలి. అందుకని మగ్గం మీద చీర ఉండగా కర్నెల్ ముట్టేది కాదు. నడుమ ఒక్క హుక్కు తప్పినా చీర పాడు.

మొదటి డబ్బా ఆమెను ఏడిపించింది. అన్నీ సరిగా చేసింది. స్టార్ట్ చేస్తే లినక్స్ వెర్షన్ పేరు కొత్తది, కర్నెల్ అంకె మాత్రం పాతదే. మళ్లీ చేసింది, మళ్లీ పాతదే. మూడు ఆదివారాలు పోయాయి. చివరికి కారణం దొరికింది, అది ఆమే. గద్వాలలో కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. పోయినప్పుడల్లా కార్డు మీద బూట్ భాగం, అంటే కర్నెల్ ఉండే చోటు, చెడిపోతుండేదట. అందుకని ఎన్నడో ఆమే ఆ భాగాన్ని మామూలు సమయంలో విడదీసి ఉంచేట్టు డబ్బాలన్నిటికీ అమర్చింది. ఆ సంగతి తానే మరిచింది. కొత్త కర్నెల్ అదే పేరున్న ఇంకో ఖాళీ ఫోల్డర్లోకి వెళ్లి కూర్చుంటోంది. డబ్బా ఎప్పటిలాగే పాతదాన్ని లేపుతోంది.

ఇంటికి వచ్చి చెబుతూ చాలాసేపు నవ్వింది. “నా జాగ్రత్తనే నాకు అడ్డం వచ్చింది” అంది. నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసుకుంది: ముందు బూట్ భాగం తగిలించు. తర్వాతనే కర్నెల్.

ఐదు డబ్బాలు అయ్యాయి. ఆరోది ఆమె తమ్మునిది. వాడు ఒప్పుకోలేదు. నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలిస్తవని నాలుగైదు నెలలు తిప్పాడు. ఒకరోజు నా ముందే అక్కాతమ్ముళ్లకు మాట వచ్చింది.

“నడుస్తున్నది గద అక్కా, ఇడ్సిపెట్టరాదు?”

“నడుస్తున్నది గనకనే ఇప్పుడు చేస్తున్న తమ్మీ. ఆగినంక చేసేదాన్ని రిపేర్ అంటరు.”

వాడు సరే అన్నాడు, ఒక షరతు మీద. మగ్గం మీద ఇంకా రెండు చీరల పడుగు ఉంది, అది నేసి దిగేదాకా హుక్కుల జోలికి పోవద్దు. వాడు ఆ షరతు పెట్టకపోయినా ఆమె అదే చేసేది. ఆ ఆదివారం వెర్షన్ మెట్లు రెండూ ఎక్కించింది. కర్నెల్ మాత్రం కదలకుండా ఆపి పెట్టి వచ్చింది. మగ్గం మర్నాడు ఎప్పటిలాగే నడిచింది.

ఆ వారమే జ్వరం అంది. ఇక్కడ దవాఖాన, తర్వాత హైదరాబాద్. మూడు వారాలు కూడా పట్టలేదు. ఆ మూడు వారాల గురించి రాయను.

పెళ్లయిన అక్కకు తమ్ముడు మూడు రోజులు మైల పట్టుకుంటే చాలంటారు. మా బావమరిది పదకొండు రోజులు పట్టాడు. పడుగు బిగువు వదులు చేసి, డబ్బాకు కరెంటు తీసేసి, మగ్గం మీద తెల్లగుడ్డ కప్పి, వనపర్తికి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. అన్నం వడ్డించినా, నీళ్లు తోడినా ఒక్క మాట మాట్లాడేవాడు కాదు.

పదకొండో రోజు దినం చేశాం. గద్వాల నుంచి సొసైటీ సెక్రటరీ వచ్చాడు. భోజనం చేశాక చేయి కడుక్కుంటూ నన్ను పక్కకు పిలిచాడు.

“సారూ, ఇప్పుడు చెప్పే మాట గాదు. మేడం మంచిదే. గానీ డబ్బల్ని గెలికి సగంల ఇడ్సిపెట్టి పాయె. మీ బావమరిది మగ్గం ఆగిపోయింది సూడుండ్రి.”

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. రెండు రోజుల కింద కంపెనీ మనిషిని తీసుకుని బావమరిది ఇంటికి వెళ్లారట. ఇంట్లో మరదలు ఒక్కతే ఉంది. గుడ్డ తీయించి, డబ్బా ఆన్ చేయించి, ఆ మనిషి ఏదో టైప్ చేసి చూశాడు. లినక్స్ వెర్షన్ ఒకటి చెబుతోంది, కర్నెల్ ఇంకోటి చెబుతోంది. ఫోటో తీసుకున్నాడు. తెలియని మనిషి చెయ్యి పెట్టింది, సగంలో చెడింది, అందుకే మగ్గం ఆగింది, మిగతా ఐదూ ఇవాళో రేపో ఆగుతాయి అన్నాడు. ఆరూ మార్చడమే మేలన్నాడు. వాళ్ల కొత్త డబ్బాలు పాత డిజైన్లను తీసుకోవు. అంటే వాళ్ల నాన్న గడులు, ఆమె రెండు ఎండాకాలాలు, అన్నీ పాత సామానులోకి. నెల తిరిగేసరికి సంతాప సభ పెడతామని, డబ్బాలు మార్చే సంగతి కూడా అక్కడే అందరికీ చెబుతామని సెక్రటరీ అన్నాడు.

ఏళ్ల తరబడి ఫోను ఎత్తని మనిషి, ఆమె పోయిన తొమ్మిదో రోజున, ఇంటివాడు లేని సమయం చూసి, మైల గుడ్డ తీయించి ఫోటో తీసుకున్నాడు.

ఆ సాయంత్రం బావమరిదికి చెప్పాను. పదకొండు రోజుల్లో వాడు నోరు విప్పింది అప్పుడే.

“బావా, ఆగింది డబ్బ గాదు. నేను.”

ఆమె నోటుబుక్కు తీశాం. ఒక్కో మగ్గానికి ఒక్కో పేజీ. ఆరో పేజీలో నకలు తీసినట్టు, మెట్లు రెండూ అయినట్టు టిక్కులు ఉన్నాయి. కింద ఇలా ఉంది: కర్నెల్ ఆపి పెట్టిన. తమ్ముని పడుగుల ఇంకా రెండు చీరలున్నయి. పడుగు దిగినంక.

ఇది పని సగంలో వదిలేసి పోయిన మనిషి రాత కాదు. ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి రాత.

నోటుబుక్కు పట్టుకుని సొసైటీ ఆఫీసుకు వెళ్లాను. సెక్రటరీ పేజీ తిప్పి చూశాడు. అమర్యాద ఏమీ చేయలేదు. “రాసుకుంటే అయితదా సారూ? డబ్బ లేసి చూపియ్యాలె గద” అన్నాడు. చరిత్ర చెప్పినవాడిని, రాతను సాక్ష్యం అనుకుని వెళ్లాను. ఆయనకు కావలసింది మగ్గం.

బావమరిది మర్నాడే వెళ్లి గుడ్డ తీశాడు. సగమైన చీరను, దాని తర్వాతి చీరను ఆ డబ్బాతోనే నేశాడు. వెర్షన్ కొత్తది, కర్నెల్ పాతది. ఒక్క హుక్కు తప్పలేదు. సెక్రటరీకి కబురు పెడితే తీరిక లేదన్నాడు.

పడుగు చివరికి వచ్చిన రోజు నేను గద్వాలలోనే ఉన్నాను. అతకడానికి పక్క వీధి నుంచి ఒక పెద్దామె వచ్చింది. నా భార్యకు చిన్నప్పుడు పోగు మెలిపెట్టడం సరిచేసింది ఈమేనట. మగ్గం ముందు కూర్చుంటూ నన్ను ఎగాదిగా చూసింది. “సారు చదువుకున్నడు గద, పోగులన్న పట్టుకుంటడా?” అంది మరదలితో. పట్టుకున్నాను. నా వేళ్లకు కూడా బూడిద రాసింది. రెండు మూడు సార్లు జారవిడిస్తే, మీ ఇంటామె ఏడేండ్లప్పుడే నీ కంటే నయముండె అంది. ఆ నెలలో నేను నవ్విన రోజు అదొక్కటే.

మధ్యాహ్నం పెద్దామె భోజనానికి లేచింది. నేను కీబోర్డు తీశాను. నాకు టైపింగ్ రెండు వేళ్లతోనే వచ్చు. బావమరిది పక్కన కూర్చుని నోటుబుక్కు చదివాడు, నేను అక్షరం అక్షరం కొట్టాను. కార్డుకు నకలు తీశాం. కర్నెల్ మారకుండా ఆమె పెట్టిన అడ్డు తీసేశాం. కొత్తది ఎక్కించే లైను కొట్టబోతుంటే వాడు నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఎర్రది ముందు, బావా.”

ఎర్ర పెన్ను లైను. బూట్ భాగం. నా తొందరలో దాటేశాను. ఆమె మూడు ఆదివారాలు పోగొట్టుకుని రాసిన లైను అది. తగిలించాం. తర్వాత కర్నెల్. తర్వాత హుక్కుల ప్రోగ్రామ్. దాన్ని కొత్త కర్నెల్ కోసం ఆమె ముందే తయారు చేసి ఆ కార్డులోనే ఒక ఫోల్డర్లో పెట్టి ఉంచింది. ఫోల్డర్ పేరు ‘తమ్ముడు’.

డబ్బా ఆపి మళ్లీ స్టార్ట్ చేశాం. చిన్న బోర్డు, నిమిషం పైనే తీసుకుంటుంది. పచ్చ దీపం మినుకుమినుకుమంటోంది. మరదలు వంటింట్లోంచి వచ్చి నిలబడింది. వెర్షన్ అడిగితే కొత్తది చెప్పింది. కర్నెల్ అడిగితే కొత్త అంకె చెప్పింది. బావమరిది మగ్గంలో కూర్చుని కాలు నొక్కాడు. పైన హుక్కులు ఒక్కసారిగా లేచాయి. వాళ్ల నాన్న వేసిన పువ్వు, మొదటి వరుస.

సాయంత్రానికి అతకడం అయింది. మెల్లగా లాగితే ముడుల వరుస అచ్చు దాటింది. మర్నాడు నేను సెక్రటరీ ఇంటికే వెళ్లి, చెప్పులు కూడా వేసుకోనివ్వనంత తొందర చేసి తీసుకొచ్చాను. నిలబడి చూశాడు. నాలుగు వరుసలు చూశాడు. “మొత్తానికి నడిచింది గద సారూ, మంచిదే” అన్నాడు. తప్పు మాట అన్నానని అనలేదు. కంపెనీ మనిషి పేరు కూడా ఎత్తలేదు.

సంతాప సభలో డబ్బాలు మార్చే సంగతి ఎవరూ ఎత్తలేదు. దాని బదులు ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫోటో కింద మళ్లీ నా పేరు, ‘గారి సతీమణి’ అని. సెక్రటరీ మాట్లాడుతూ, మన సారు సతీమణి మన మగ్గాలకు ఎంతో సహకారం అందించింది అన్నాడు. సహకారం. ఎవరో చేస్తుంటే ఈమె వెళ్లి టార్చిలైటు పట్టుకున్నట్టు.

నన్ను మాట్లాడమన్నారు. జీవితమంతా మాట్లాడి బతికినవాడిని, అక్కడ నాలుగు ముక్కలే చెప్పాను. “సహకారం కాదు. ఆ పని చేసిందే ఆమె. ఆరు డబ్బాలూ ఆమె చేసినవే. ఆరోది ఆమె ఆపిన చోటు నుంచి ఆమె రాసిపెట్టినట్టే మేం చేశాం” అన్నాను. కూర్చున్నాను. చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక వరుసలోంచి ఆ అతికే పెద్దామె మాత్రం, అందరికీ వినపడేట్టే, “గిప్పుడు సరిగ చెప్పినవ్” అంది.

ఇప్పుడు ఆదివారాలు నేను గద్వాల వెళుతున్నాను. పొద్దున బస్సు, అదే గుడ్డ సంచీ. చేసేది పెద్దగా ఏమీ లేదు. ఆరు ఇళ్లు తిరిగి డబ్బాలు చూస్తాను, నోటుబుక్కులో టిక్కు పెడతాను, ఇచ్చిన టీ తాగుతాను. చివరికి బావమరిది ఇల్లు.

ఆ డబ్బా నన్ను ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతుంది. పాత కర్నెల్ ఇంకా కార్డులో ఉంది, దాంతో ఇక పని లేదు, తీసేయమంటారా, అవునా కాదా. నోటుబుక్కులో ఆమె దానికి కూడా రాసి పెట్టింది: ఒక చీర దిగినంక పాతది తియ్యొచ్చు.

ఒక చీర దిగింది. రెండోదీ దిగింది. ఈ పడుగు కూడా చివరికి వస్తోంది, వచ్చే వారం మళ్లీ పెద్దామెను పిలవాలి. డబ్బా అడుగుతుంది. కీబోర్డు మీద ‘కాదు’కు కొట్టే అక్షరం ఎప్పుడో అరిగిపోయింది. అతికిన రోజు నా వేలి నుంచి అంటిన బూడిద దాని మీద ఇంకా ఉంది. ఎక్కడ నొక్కాలో దాన్ని చూసే తెలుసుకుంటున్నాను.